ఆకు, వక్క, సున్నం: నోట్లో ఏది ఏ పని చేస్తుంది?

సున్నం తెల్లన, ఆకు పచ్చన, వక్క గోధుమరంగు. మూడింట్లో ఏదీ ఎర్రనిది కాదు. కలిపి నమిలితే మాత్రం నోరు పండుతుంది, కాచు వెయ్యకపోయినా సరే. వక్కకు ఆ వగరునిచ్చే టానిన్లు సున్నపు క్షారం తగలగానే గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని ఎర్రబారతాయి. సున్నం మానేసి ఎంతసేపు నమిలినా ఆ పండు ఎరుపు రాదు. ఇది కంటికి కనిపించే మార్పు. కనిపించని ఇంకో పని కూడా సున్నమే చేస్తుంది. వక్క ‘పట్టడం’ అంటామే, అది దాని చలవే.

వక్కను మనం పచారీ సామానులోనూ పూజ సామానులోనూ లెక్కేస్తాం. కాఫీ, పొగాకుల పక్కన ఎవరూ పెట్టరు. దాని అసలు చోటు అక్కడే. నికోటిన్, మద్యం, కెఫీన్ తర్వాత ప్రపంచంలో ఎక్కువమంది వాడే, మనసు మీద పనిచేసే పదార్థం ఇదేనంటారు; వాడేవాళ్ళు సుమారు 60 కోట్లని అంచనా. మనదేశం నుంచి మయన్మార్, తైవాన్, పాపువా న్యూగినీ మీదుగా పసిఫిక్ దీవుల దాకా ఈ అలవాటు ఉంది. దాని చుట్టూ అల్లుకున్న నమ్మకాల్లో ఎక్కువ చిక్కు తెచ్చినది ఒకటుంది: ‘చెడ్డది పొగాకు, వక్క కాదు’ అన్నది. ఆ చిక్కు విడదీయాలంటే మూడు సరుకులనూ విడివిడిగా చూడాలి.

వక్కలో ఉన్నది

పోకచెట్టు శాస్త్రీయ నామం అరెకా కటేచు. ఇందులో కటేచు అంటే కాచు. కాచు వచ్చేది పోకచెట్టు నుంచి కాదు, చండ్ర చేవ నుంచి. రెండూ ఒకే కిళ్ళీలో పడటంతో పేరు పెట్టినవాళ్ళు తికమకపడ్డారు, ఆ తప్పు అలాగే నిలిచిపోయింది. అరెకా అన్న ముక్క మలయాళం ‘అడక్క’ పోర్చుగీసువాళ్ళ నోట పడి మారిన రూపం. కన్నడంలో అది అడికె. మన అడకత్తెరలో ముందున్న ‘అడ’ కూడా దాని చుట్టమే.

ఎండు వక్కలో టానిన్ల వంటి పాలీఫినాల్స్ దండిగా ఉంటాయి. లేత కాయలో ఎక్కువ, పండేకొద్దీ తగ్గుతాయి. కొవ్వు, పీచు కూడా ఉంటాయి. పని చేసే ఆల్కలాయిడ్లు మాత్రం మొత్తం కలిపినా సాధారణంగా 1 శాతం లోపే. ముఖ్యమైనవి నాలుగు: అరెకోలిన్, అరెకైడిన్, గువాకోలిన్, గువాసిన్. వీటిలో పెద్దది అరెకోలిన్. జర్మన్ రసాయనవేత్త యాన్స్ దీన్ని 1888లో వక్కనుంచి విడదీశాడు.

నరాలు ఒకదానికొకటి కబురు పంపుకునే ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థాన్ని అరెకోలిన్ అనుకరిస్తుంది. మస్కరినిక్ గ్రాహకాలనే తాళాల్లో ఇది దొంగ తాళంచెవిలా సరిపోతుంది. అందుకే వక్క నమిలిన కొద్ది నిమిషాల్లో ఒళ్ళు వెచ్చబడి నుదుట చెమట పడుతుంది, నోట్లో నీళ్ళూరతాయి, గుండె వేగం పెరుగుతుంది, నిద్రమత్తు వదులుతుంది. అలవాటు లేనివాడికైతే తల తిరుగుతుంది, కడుపులో తిప్పుతుంది. నికోటిన్ పనిచేసే గ్రాహకాల మీద కూడా అరెకోలిన్ కొద్దిగా పనిచేస్తుందని 2015లో తేలింది. పొగాకు అసలే వెయ్యని తాంబూలం కూడా ఎందుకు వదలదో దీంతో కొంత అర్థమైంది.

సున్నం చేసే రెండో పని

అరెకోలిన్‌ మామూలుగా ఉమ్మిలో విద్యుదావేశంతో ఉన్న రూపంలోకి మారిపోతుంది. ఆ రూపంలో అది బుగ్గ లోపలి పొరను దాటలేదు. సున్నం కలిస్తే ఉమ్మి క్షారంగా మారి, అరెకోలిన్ ఆవేశం వదిలించుకుని పొరలోంచి నేరుగా రక్తంలోకి దిగుతుంది. కడుపులోకి వెళ్ళి కాలేయం చేతిలో పడే బాధ తప్పుతుంది. దక్షిణ అమెరికాలో కోకా ఆకు నమిలేవాళ్ళు బూడిదో సున్నమో కలుపుకునేదీ ఇందుకే. రెండు ఖండాల జనం ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఒకే రసాయనశాస్త్రం కనిపెట్టుకున్నారు.

సున్నం అరెకోలిన్‌లో కొంత భాగాన్ని అరెకైడిన్‌గా, గువాకోలిన్‌ను గువాసిన్‌గా కూడా విడగొడుతుంది. ఇవి గాబా అనే శాంతపరిచే రసాయనాన్ని నరకణాలు వెనక్కి పీల్చుకోకుండా అడ్డుకుంటాయని ప్రయోగశాలల్లో చూశారు. వక్క నమిలేవాళ్ళు ‘హుషారుగానూ ఉంటుంది, నిదానంగానూ ఉంటుంది’ అని చెప్పేది ఉత్త మాట కాదన్నమాట.

ఎంత సున్నం? ఆకు వెనకవైపు, ఈనెలు తేలిన పక్కన, పెసరగింజంత తీసుకుని చూపుడువేలితో పలచగా రాయడం పద్ధతి. ఒకేచోట ముద్దగా ఉంటే ఆ చోట తగిలిన బుగ్గ తెల్లగా కాలి పొక్కుతుంది. అది వేడి కాలినట్టు కాదు, క్షారం కాల్చిన గాయం. నీళ్ళు పుక్కిలిస్తే మంట తగ్గుతుంది గానీ తోలు ఊడటం ఆగదు. మరీ తక్కువైతే నోరు పండదు, వక్క పట్టదు. సున్నపు కాయలో పైన ఎప్పుడూ కాస్త నీళ్ళు నిలిచి ఉండాలి. ఆరిపోయిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని సుద్దగా మారుతుంది, పదును పోతుంది. అది చాలక మనిషి ఇంకా ఎక్కువ పూస్తాడు. రోజంతా నమిలేవాళ్ళలో ఇలా ఒంట్లోకి చేరే కాల్షియం మోతాదు మించి, రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

ఆకు సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. తమలపాకు ఘాటు యూజినాల్, చావిబెటాల్ వంటి సుగంధ తైలాలది. తొడిమ, కొస, నడి ఈనె తీసేయమని పెద్దలు చెప్పే మాటకు శాస్త్రాలు ఏవేవో దోషాలు చెబుతాయి గానీ, నమిలేవాడికి తెలిసే కారణం పీచు. ఈ ముగ్గురిలో ఆకు మీద పెద్ద నేరమేదీ రుజువు కాలేదు.

ఒకే పేరు, నాలుగు సరుకులు

‘వక్క’ అన్న ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు సరుకులున్నాయి. బలం వాటిమధ్య చాలా మారుతుంది.

తెల్ల వక్క పండిన కాయది. దక్షిణ కన్నడ, కాసరగోడ్ ప్రాంతాల్లో దీన్ని చాలి అంటారు. నారింజ రంగుకు తిరిగిన కాయల్ని కళ్ళంలో ఒకే వరసగా పరిచి, తొక్కతో సహా 35 నుంచి 40 రోజులు ఎండబెడతారు. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గింజ గలగలలాడాలి. అప్పుడు తొక్క ఒలుస్తారు. కుప్పగా పోసినా, మధ్యలో వాన తడిసినా లోపల తేమ నిలిచి బూజు పడుతుంది. అడకత్తెరలో పెట్టి నిలువునా కోసి చూడాలి. మంచి వక్క ముఖం తెలుపు మీద గోధుమ చారలతో పాలరాయిలా ఉంటుంది. చారలు చెదిరి నల్లటి మచ్చలున్నా, పగుళ్ళలో పసుపుపచ్చని పొడి కనిపించినా పారెయ్యాలి. వక్క మీద పెరిగే బూజుల్లో అఫ్లాటాక్సిన్ తయారుచేసేది ఒకటుంది. కాలేయ క్యాన్సర్‌కు దారితీసే ఆ విషం కడిగితే పోదు, వేయిస్తే పూర్తిగా పోదు.

ఎర్ర వక్క శివమొగ్గ మలెనాడుది. ఇది ఆరేడు నెలల పచ్చికాయ. తొక్క తీసి, ఉన్నదున్నట్టుగానో ముక్కలుగా కోసో నీళ్ళలో ఉడకబెట్టి ఎండబెడతారు. ఉడికించిన నీళ్ళను పారబొయ్యరు. విడతవిడతకూ అవే వాడితే చిక్కబడి చొగరు అవుతుంది. తర్వాతి విడత వక్కలకు ఆ ఎరుపు, మెరుపు దానివల్లే వస్తాయి. ఉడికినప్పుడు అరెకోలిన్‌లో కొంత నీళ్ళలోకి దిగుతుంది కాబట్టి పచ్చి వక్క కంటే ఇది నెమ్మది. రాశి, బెట్టె, సరకు, గొరబలు అని రకాలు కట్టి మార్కెట్‌లో అమ్మేది ఈ వక్కనే. మన వక్కపొడికీ పలుకులకూ వచ్చే ముడిసరుకు ఎక్కువగా కర్ణాటకదే. మనవైపు కోనసీమ కొబ్బరితోటల్లో అంతరపంటగా, మడకశిర, అమరాపురం వైపు తోటలుగా పోక సాగు ఉంది గానీ అది కర్ణాటక సాగు ముందు చిన్నదే.

మూడోది పచ్చివక్క. నాలుగోది అస్సాం, మేఘాలయల్లో గోతుల్లో పూడ్చి మాగబెట్టిన వక్క. అక్కడ తామూల్ అనీ, ఖాసీలు క్వాయ్ అనీ పిలిచేది ఇవే. వాసన ముక్కుపుటాలు అదరగొడుతుంది. ఇక్కడి ఎండు వక్క లెక్కన ఒకటి నోట్లో వేసుకున్న కొత్తవాడు చెవులు వేడెక్కి, చొక్కా తడిసి, గోడ పట్టుకుని కూర్చోవలసిందే.

పెళ్ళి తాంబూలం నుంచి పొట్లం దాకా

పాత వాడకంలో వక్కకు కంచె ఉండేది. భోజనం తర్వాత కర్పూరం, జాజికాయ, లవంగాలతో తాంబూలం వేసుకోమని సుశ్రుత సంహిత చెబుతుంది. 1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ ఇక్కడి తాంబూలాన్ని తెగ మెచ్చుకుని, రాజుగారి దేహబలానికి కూడా దాన్నే కారణంగా అనుమానించాడు. రాజుల కొలువులో అడపం, అంటే తాంబూలపు పెట్టె, పట్టడమే ఒక ఉద్యోగం. ఇదంతా వైభవమే గానీ, మోతాదు మాటకొస్తే ఆకు మడవాలి, సున్నం రాయాలి, వక్క కత్తిరించాలి. ఆ పని పట్టే సమయమే ఒక అడ్డు. పైగా నోట్లో పడే ముద్దలో బరువు ఎక్కువ పచ్చి ఆకుది, వక్క పలుకులు కొన్నే.

1970ల తర్వాత పాన్ మసాలా వచ్చి ఆ అడ్డు తీసేసింది. ఆకు పోయింది. మిగిలింది ఎండు వక్క ముక్కలు, కాచు, సున్నం, సువాసన, తీపి. పొగాకు చేరిస్తే గుట్కా. చించి నోట్లో వేసుకోవడానికి రెండు సెకన్లు చాలు, జేబులో పది పొట్లాలు పడతాయి, బడి ముందు బడ్డీకొట్లో పిల్లాడికి అందే ధర. ఆకులోని నీళ్ళ బరువు లేదు కాబట్టి అదే బరువుకు వక్క పాలు చాలా ఎక్కువ. ఈ తేడా ఒంటిమీద ఎలా కనిపిస్తుందో హైదరాబాద్ పరిశోధకులు 1996లో చూపించారు. నోరు బిగిసే జబ్బు వచ్చినవాళ్ళను పోల్చితే, తాంబూలం నమిలినవాళ్ళకు అది రావడానికి సగటున 8.6 ఏళ్ళు పట్టింది, పాన్ మసాలా, గుట్కా నమిలినవాళ్ళకు 2.7 ఏళ్ళు.

ఆహారంలో పొగాకు, నికోటిన్ కలపరాదన్న 2011 నాటి నిబంధన ఆధారంగా 2012 నుంచి రాష్ట్రాలు వరసగా గుట్కాను నిషేధించాయి. తయారీదారులు పొగాకు లేని పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు ఇంకో పొట్లంలో పెట్టి జంటగా అమ్మారు. కొన్నవాడు అరచేతిలో కలుపుకుంటాడు. చట్టం వెతికింది పొగాకును మాత్రమే. వక్క పొట్లం మీద ‘ఆరోగ్యానికి హానికరం’ అన్న హెచ్చరిక తప్పనిసరే, కానీ దాన్ని చదివేవాడు పొగాకు లేదన్న ధీమాతో ఉంటాడు.

నోరు తెరుచుకోకపోవడం

ఆ ధీమాకు ఆధారం లేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004 నివేదికలో పొగాకు లేని తాంబూలాన్నీ, విడిగా వక్కనూ కూడా మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటిగా మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు ఉన్న వర్గం అది. 2022లో ప్రపంచవ్యాప్తంగా వచ్చిన సుమారు 3,90,000 నోటి క్యాన్సర్లలో 1,20,000కు పైగా నమిలే పొగాకు, వక్కల వల్లనేనని ఒక అంచనా. అందులో పెద్ద వాటా మనదేశానిదే.

క్యాన్సర్‌కు ముందు వచ్చే జబ్బు మరీ వక్కకే ప్రత్యేకం. 1952లో తూర్పు ఆఫ్రికాలో ఉంటున్న ఐదుగురు భారతీయ స్త్రీలలో దీన్ని మొదట వర్ణించారు. ఇప్పుడు వైద్యులు ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటున్నారు. బుగ్గ లోపలి పొర కింద కొల్లాజెన్ పీచు పేరుకుపోతుంది. వక్క రెండు వైపుల నుంచి దీన్ని నడుపుతుంది. అరెకోలిన్ పీచు తయారుచేసే కణాలను ఎగదోస్తుంది. వక్కలో దండిగా ఉండే రాగి, పీచుపోగుల్ని ఒకదానికొకటి ముడివేసే ఎంజైమును చురుకుచేస్తుంది. టానిన్లు ఆ ముడుల్ని గట్టిపరుస్తాయి; తోలును పదును చేసేటప్పుడు టానిన్లు చేసే పని ఇదే. తయారీ పెరిగి, కరగడం తగ్గి, మెత్తగా సాగాల్సిన బుగ్గ తోలుపట్టీ అవుతుంది.

మొదటి గుర్తు కారం ఓర్చుకోలేకపోవడం. ఆవకాయ ముద్ద నిన్నటిదాకా తిన్నవాడికి ఈరోజు పెరుగన్నంలో మిరియం కూడా మండుతుంది. తర్వాత బుగ్గ లోపల పాలిపోయి తెల్లగా మచ్చలు, వేలితో తడిమితే తాళ్ళలా నిలువు పట్టీలు. నాలుక బయటికి చాపలేకపోవడం, ఈల వెయ్యలేకపోవడం. చివరికి నోరే తెరుచుకోదు. ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది: మీ సొంత చేతి చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ళు దగ్గరగా పెట్టి, ఒకదాని కింద ఒకటి వచ్చేలా నిలువుగా పై, కింది ముందుపళ్ళ మధ్య పెట్టాలి. మూడూ పడితే మామూలే. రెండే పడుతున్నాయంటే దంతవైద్యుడి దగ్గరికి ఆ వారంలోనే వెళ్ళాలి.

బిగిసిన పీచు పూర్తిగా వెనక్కి పోదు. మానేస్తే పెరగడం ఆగవచ్చు. నోరు సాగదీసే వ్యాయామాలు, బుగ్గల్లోకి స్టెరాయిడ్, హయలురోనిడేజ్ ఇంజెక్షన్లు, మరీ బిగిస్తే శస్త్రచికిత్స ఉన్నాయి. వీటన్నిటి ప్రయోజనమూ వక్క మానడం మీదే నిలుస్తుంది. శస్త్రచికిత్స అయ్యాక మళ్ళీ నమిలినవాడికి మళ్ళీ బిగుస్తుంది. కేరళలోని ఎర్నాకుళంలో ఇలాంటి రోగుల్ని 17 ఏళ్ళపాటు గమనిస్తే 7.6 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. అది చిన్న గుంపే, కానీ సంఖ్య చిన్నది కాదు.

మానడంలో జరిగే పొరపాటు ఒకటే. గుట్కా మానినవాడు ‘తగ్గించుకున్నాను’ అని తీపి వక్కపొడికి మారతాడు. పొగాకు పోయింది, అరెకోలిన్ పోలేదు. జేబులోకి వెళ్ళే చెయ్యికి సోంపు, యాలక్కాయ, లవంగం పెట్టడం మేలు. పేరంటాల్లో, పెళ్ళిళ్ళలో తాంబూలం ఇవ్వడానికి అడ్డేమీ లేదు. ఇచ్చే వక్క నమలాలని ఏ ఆచారమూ చెప్పదు. తినడానికి ఆకులో గుల్కంద్, కొబ్బరికోరు, సోంపు చుట్టి ఇస్తే చాలు. గర్భిణులకు, తాంబూలం కడుపులో బిడ్డకు మంచిదని పెట్టే ఊళ్ళున్నాయి. వక్క నమిలిన తల్లులకు తక్కువ బరువు బిడ్డలు పుట్టడం ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి కాబట్టి అక్కడ మరీ వద్దు.

అదే అణువు, మందుల బీరువాలో

వక్క ఆల్కలాయిడ్లను వైద్యం ఎప్పుడో చేరదీసింది. చైనా వైద్యంలో బద్దెపురుగును వెళ్ళగొట్టడానికి వక్క కషాయాన్ని గుమ్మడి గింజలతో కలిపి ఇచ్చేవారు. కుక్కల్లో ఆ పురుగుల కోసం పశువైద్యులు అరెకోలిన్ లవణాన్ని వాడారు. అది పేగుల్ని ముడుచుకునేలా చేసి పురుగును బయటికి నెడుతుంది. మోతాదు కాస్త మించితే కుక్కకే ప్రమాదం కావడంతో కొత్త మందులు రాగానే పక్కన పెట్టారు.

అసలు మలుపు మెదడు వైపు వచ్చింది. అరెకోలిన్ నిర్మాణాన్ని నమూనాగా పెట్టుకుని ఔషధ కంపెనీలు జానోమెలిన్ అనే అణువును తయారుచేశాయి. 1997లో వెలువడిన అల్జైమర్స్ ప్రయోగంలో దానివల్ల భ్రమలు, కలవరం తగ్గాయి. అంతలోనే వాంతులు, చెమటలు, లాలాజలం పొంగి చాలామంది మధ్యలో మానేశారు. వక్క కొత్తగా నమిలినవాడి అవస్థే, ఎక్కువ స్థాయిలో. పసిఫిక్‌లోని పలావు దీవుల్లో వక్క ఎక్కువ నమిలే స్కిజోఫ్రీనియా రోగుల్లో లక్షణాలు తక్కువ తీవ్రంగా ఉన్నాయని 2000లో ఒక అధ్యయనం వచ్చింది. ఆలోచనకు అది ఊతమే తప్ప చికిత్సకు దారి కాదు, నోరు పోగొట్టుకునే మందు మందు కాదు.

చిక్కుముడి విప్పింది ఒక పాత మందు. మూత్రాశయం బిగువుకు వాడే ట్రోస్పియం మస్కరినిక్ గ్రాహకాలను మూసేస్తుంది. దానికి మెదడులోకి పెద్దగా ప్రవేశం లేదు. జానోమెలిన్‌తో కలిపి ఇస్తే కడుపులో, లాలాజల గ్రంథుల్లో ట్రోస్పియం అడ్డుకుంటుంది, మెదడులో జానోమెలిన్ పని తాను చేసుకుంటుంది. ఈ జంటను కోబెన్‌ఫై పేరుతో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 సెప్టెంబరులో స్కిజోఫ్రీనియాకు ఆమోదించింది. దశాబ్దాలుగా ఆ జబ్బుకు వచ్చిన మందులు దాదాపు అన్నీ డోపమిన్ గ్రాహకాల మీద పనిచేసేవే. ఇది వేరే దారి పట్టింది.

అదే సంస్థ 2025లో పోక పట్టలతో చేసిన భోజనం పళ్ళేలను వాడొద్దని హెచ్చరించింది. చెట్టు నుంచి రాలిన పట్టను తడిపి వేడి అచ్చుల్లో ఒత్తి చేసే ఈ పళ్ళేలను ప్లాస్టిక్‌కు బదులని మనమే ఎగుమతి చేస్తున్నాం. వక్క ఆల్కలాయిడ్లు వాటి నుంచి ఆహారంలోకి దిగవచ్చన్నది వాళ్ళ అభ్యంతరం. అటు క్యాన్సర్ నివేదికలు, ఇటు ఎగుమతి ఆంక్షలు. పోకరైతు పరిస్థితి నిజంగానే అడకత్తెరలో పోకచెక్క.

మందులు వాడేవాళ్ళకు ఒక సంగతి. మానసిక రోగాలకు ఫ్లూఫెనజైన్ వంటి మందులు వాడుతూ వక్క గట్టిగా నమిలినవాళ్ళకు వణుకు, ఒళ్ళు బిగుసుకోవడం హెచ్చిన కేసులున్నాయి. అరెకోలిన్ ఊపిరి గొట్టాలను ముడుస్తుంది కనుక ఆస్తమా ఉన్నవాళ్ళకు ఆయాసం పెరగవచ్చు. పొగ తాగుతారా, మందు తాగుతారా అని డాక్టరు అడుగుతాడు. వక్క సంగతి ఆయన అడగడు, రోగి చెప్పడు. చీటీ రాసేముందు ఆ ఒక్కమాట మీరే చెప్పండి: రోజుకు ఎన్ని, ఏ రకం, ఎన్నేళ్ళ నుంచి.